నీళ్ళ కింద డ్యూటీ

హౌస్ డ్రైవర్ అంటే బండి నడిపేవాడని అందరూ అనుకుంటారు. నడిపేది రోజుకి మూడు గంటలో నాలుగు గంటలో, అంతే. మిగతాదంతా ఎదురుచూడడమే. మాల్ బయట, ఆసుపత్రి బయట, పెళ్ళి హాలు బయట, ఏసీ ఆపితే ఉడికిపోతాం, వేస్తే పెట్రోలు దండగ అంటారేమోనని భయం. తొమ్మిదేళ్ళుగా దోహాలో ఒక ఖతరీ ఇంట్లో ఈ పని చేస్తున్నాను. ఎదురుచూడడంలో నన్ను మించినవాడు లేడని మొహమాటం లేకుండా చెప్పగలను. ఆ నేర్పే ఒకరోజు నా ప్రాణం మీదికి తెచ్చింది. అదీ సముద్రం అడుగున.

ఆ ఇంటి రెండో కొడుకుని నేను చిన్న సారు అంటాను. వయసు ముప్ఫైకి దగ్గర. వెస్ట్ బేలో ఒక పెద్ద ఆఫీసులో ఉద్యోగం. పేరు పెట్టి పిలవమని చాలాసార్లు చెప్పాడు గాని నాకు నోరు రాలేదు. మంచివాడే, కోపం తక్కువ. పుట్టినప్పటి నుంచి ఇంట్లో ఎవరూ "కాదు" అనని మనిషి ఎలా ఉంటాడో అలా ఉంటాడు. అతనికి సముద్రంలో మునిగి చేపలు చూసే పిచ్చి. పడవా గిడవా ఏమీ ఉండదు. వీపుకి గాలి సిలిండరు కట్టుకుని, ఒడ్డు నుంచే నడుచుకుంటూ నీళ్ళలోకి దిగిపోవడమే. చలికాలం శనివారాల్లో దుఖాన్ వైపు తీరానికి నేనే తీసుకెళ్ళేవాణ్ణి. అతనూ, అతని స్నేహితుడూ దిగేవాళ్ళు. నేను బండి దగ్గర తువ్వాళ్ళు, ఫ్లాస్కులో కరక్ చాయ్ పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

ఆ స్నేహితుడు పైచదువుకని విదేశం వెళ్ళిపోయాడు. ఒంటరిగా దిగకూడదు, పక్కన జోడీ ఉండాల్సిందే, అది ఆ పనిలో మొదటి నియమం. జోడీని బడ్డీ అంటారు. రెండు శనివారాలు చిన్న సారు ముఖం వేలాడేసుకుని ఇంట్లో తిరిగాడు. మూడోవారం ఆఫీసు నుంచి తీసుకొస్తుంటే అద్దంలో నావంక చూసి, "నీకు ఈత వచ్చా?" అన్నాడు. మా ఇద్దరి మాట సగం అరబీ, సగం హిందీ, నడుమ ఇంగ్లీషు. చదివేవాళ్ళ కోసం ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఈత రాకపోవడమేమిటి! మాది కడప జిల్లా. సముద్రం లేకపోతేనేం, మా చిన్నప్పుడు చేలల్లో బావులుండేవి. నడుముకి ఎండిన సొరబుర్ర కట్టి మా మామ నన్ను బావిలోకి తోసిన రోజు ఇప్పటికీ గుర్తుంది. పదేళ్ళు వచ్చేసరికి గట్టు మీంచి దూకి, అడుగుదాకా పోయి, పిడికిట్లో బురద తెచ్చి చూపించేవాణ్ణి. బురద తేనివాణ్ణి మా గుంపులో మనిషిగా లెక్కేసేవాళ్ళం కాదు. ఇదంతా చిన్న సారుకి అరబీలో ఎలా చెప్పాలో తెలియక, "చాలా బాగా వచ్చు సార్" అన్నాను.

"యల్లా, పద అయితే, నువ్వే నా బడ్డీ" అన్నాడు.

నేర్పింది ఒక ఫిలిప్పీన్స్ మేడమ్. డైవింగ్ సామాన్లు అమ్మే దుకాణం ఒకటి, అందులోనే క్లాసులు, పక్క హోటల్లో ఈతకొలను. మనిషి నా భుజం దాకా కూడా రాదు, నోరు మాత్రం ట్రాఫిక్ పోలీసు నోరు. మొదటిరోజే నామీద ఎగిరింది. కారణం నా బావి చదువు. నీళ్ళలో తల మునగ్గానే నేను ఊపిరి బిగబడతాను. అది నా ఒంట్లో దిగిపోయింది. ఈ పనిలో చేయకూడనిది సరిగ్గా అదే. సిలిండరు గాలి పీల్చుకుంటూ లోపల ఉన్నవాడు ఊపిరి బిగబట్టి పైకి లేచాడంటే, ఆ గాలి ఊపిరితిత్తుల్లో ఉబ్బి చీల్చేస్తుంది. "పీల్చు, వదులు, పీల్చు, వదులు! ఇది కూడా నేర్పాలా నీకు?" అని నలుగురిలో అరిచేది. నలభై రెండేళ్ళవాణ్ణి, ఊపిరి తీయడం రాదని తిట్లు తినడం ఎంత తలవంపో అనుభవిస్తే గాని తెలియదు. నోట్లో పెట్టుకునేదాన్ని రెగ్యులేటర్ అంటారు. మా ఇంట్లో గ్యాసు పొయ్యికి ఉండేదాని పేరే దీనికీ పెట్టారు. అది కరుచుకుని, నాలుగువారాలు ఆవిడ చేత తిట్లు తిని, నీళ్ళలో దిగడానికి కావలసిన కార్డు సంపాదించాను.

దోహాలోనే నజ్మా అనే పేటలో మా తెలుగువాళ్ళం శుక్రవారం అన్నం తినే మెస్‌లో ఈ సంగతి తెలిసిపోయింది. అక్కడ నిజామాబాద్ నుంచి వచ్చిన ఒక ఏసీ మెకానిక్ ఉంటాడు, ఎవరినీ వదలడు. "నీళ్ల కింద గూడ డ్యూటేనా అన్నా? ఓటీ ఏమన్న ఇస్తుండా లేదా?" అని అందరి ముందూ అడిగాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఓవర్‌టైమ్ డబ్బులు లేవు. అడగాలని కూడా నాకు తట్టలేదు.

ఎందుకు తట్టలేదో కూడా చెప్పాలి. మొదటిసారి దుఖాన్ తీరంలో దిగినప్పుడు నాకు అదంతా విపరీతంగా నచ్చింది. ఖతర్ సముద్రం చాలాదూరం మోకాలి లోతే. కాళ్ళకి తొడిగే రబ్బరు రెక్కలు, ఫిన్స్, చేతపట్టుకుని, రాళ్ళమీద తడబడుతూ పావుగంట నడవాలి. చలికాలం నీళ్ళు, రబ్బరు సూటు లోపలికి మెడ దగ్గర చల్లగా దిగుతుంటే తిట్టుకుంటూ నడిచాను. తర్వాత తల ముంచాను. అంతే, చప్పుడు ఆగిపోయింది. హారన్ లేదు, వాట్సాప్ లేదు, "ఎక్కడున్నావ్" అనేవాడు లేడు. హమ్మూర్ చేపని అంతకుముందు పళ్ళెంలోనే చూశాను, అది రాతికింద నుంచి నన్ను చూస్తోంది. పసుపుపచ్చ చారల చేపలు గుంపుగా నా చేతులమధ్య నుంచే పోయాయి. నాకు ఏడుపొచ్చింది. మాస్కులో ఏడిస్తే తుడుచుకోవడానికి ఉండదని ఆరోజే తెలిసింది. తొమ్మిదేళ్ళలో ఈ దేశంలో నాకు ఏదైనా నాది అనిపించిందంటే ఆ అరగంటే.

మా ఆవిడకి మాత్రం చెప్పలేదు. వీడియో కాల్లో నా నుదుటి మీద మాస్కు గుర్తు చూసి ఏమిటని అడిగితే, దిండు గుర్తు అన్నాను. ఇక్కడ ఉన్నవాళ్ళం ఇంటికి చెప్పే మాటలు రెండే: తిన్నాను, బాగున్నాను. నీళ్ళ కిందికి పోతున్నానని చెప్తే ఆమె నిద్రపోదు. ఆమె నిద్రపోకపోతే ఫోన్ల మీద ఫోన్లు చేసి నన్నూ నిద్రపోనివ్వదు.

ఇక నా తప్పు సంగతి. నీళ్ళ కింద మాటలుండవు, చేతి సైగలే. సిలిండరులో గాలి ఎంత ఉందో చూపించే మీటరు పక్కన వేలాడుతూ ఉంటుంది. రెండువందలతో దిగుతాం, వందకి వెనక్కి తిరగాలి, యాభైకల్లా ఒడ్డుకి చేరాలి. మధ్యమధ్యలో బడ్డీ అడుగుతాడు, ఎంత ఉందని. వేళ్ళతో చెప్పాలి. చిన్న సారుకి అలవాటు ఎక్కువ, నిదానంగా పీలుస్తాడు, గాలి చాలాసేపు వస్తుంది. నేను కొత్తవాణ్ణి, గుటకలేసినట్టు పీలుస్తాను. అతనికి నూట యాభై ఉన్నప్పుడు నాకు నూట పది ఉండేది. నేను వంద చూపిస్తే ఆట ఆగిపోతుంది. వారమంతా ఆఫీసులో మగ్గి ఈ ఒక్క పొద్దు కోసం చూసే మనిషి, నా మూలాన వెనక్కి తిరగాలి. అది నాకు చేతకాలేదు.

డ్రైవర్లందరికీ ఒక అలవాటుంది. ఇంటి యజమానురాలు, మేము మామా అంటాం, ఫోన్ చేసి ఎక్కడున్నావంటే, రౌండబౌట్‌లో ఇరుక్కుని అడుగు కదలకపోయినా, "ఐదు నిమిషాలు మామా, దగ్గరికొచ్చేశా" అంటాం. అబద్ధమని ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు. నీళ్ళ కింద కూడా నేను అదే చేశాను. నూట పది ఉంటే నూట నలభై చూపించేవాణ్ణి. తేడా సర్దడానికి బావి విద్య బయటికి తీశాను. ఒకసారి పీల్చి, బిగబట్టి, బాగా ఆగి, మెల్లగా వదలడం. గాలి మిగిలేది. ఒడ్డుకొచ్చాక కణతలు పగిలిపోయేంత తలనొప్పి. రెండు పనడోల్ మింగి, దోహా దాకా బండి నడిపేవాణ్ణి. "ఎలా ఉంది?" అని చిన్న సారు అడిగితే "ఫస్ట్ క్లాస్ సార్" అనేవాణ్ణి. ఏడెనిమిది శనివారాలు ఇలాగే గడిచాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఆ శనివారం గాలి కాస్త ఎక్కువగానే ఉంది. అలలు చూసి చిన్న సారు ఒక నిమిషం ఆలోచించాడు, తర్వాత యల్లా అన్నాడు. ఎనిమిది మీటర్ల లోతులో, రాళ్ళగుట్ట అంచున, రెండు కటిల్‌ఫిష్‌లు కనిపించాయి. చలికాలంలో గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి దగ్గరగా వస్తాయట. మనిషి మోచెయ్యంత ఉంటాయి. ఒళ్ళంతా చారలు, చూస్తుండగానే గోధుమరంగు తెలుపవుతుంది, తెలుపు ఎరుపవుతుంది. చిన్న సారు కెమెరా తీశాడు. వాటి కోసమే మూడు చలికాలాలుగా తిరుగుతున్నాడని నాకు తెలుసు. కెమెరా తీసేముందు నావైపు తిరిగి గాలి ఎంతని అడిగాడు. మీటరు డెబ్భై మీద ఉంది. నేను నూట ఇరవై చూపించాను.

ఫొటోలు తీయడం ఎంతసేపు పడుతుందో, బయట నిలబడ్డవాడికి ఎంత పొడుగ్గా ఉంటుందో, పెళ్ళిళ్ళలో చూసినవాళ్ళకి తెలుసు. ఇసుక మీద మోకాళ్ళు ఆనించి నేను ఎదురుచూశాను. పీల్చాను, బిగబట్టాను, వదిలాను. అరవై. యాభై. నలభైకి వచ్చేసరికి నాకు భయమేసింది. మునుపెప్పుడూ అంత కిందికి పోనివ్వలేదు. దగ్గరికెళ్ళి, బొటనవేలు పైకెత్తి చూపించాను. పైకి పోదాం అని దానర్థం. ఈ సైగ ఎవరు చేసినా రెండోవాడు మారుమాట లేకుండా లేవాల్సిందే, కారణం అడగకూడదు. మేడమ్ దీన్ని మాచేత అప్పజెప్పించింది. తొమ్మిదేళ్ళలో చిన్న సారుకి నేను ఇచ్చిన మొదటి ఆజ్ఞ అదే.

అతను కెమెరా మీంచి కళ్ళు తీయకుండానే ఎడమచెయ్యి ఎత్తాడు. ఐదు వేళ్ళ కొసలూ ఒకచోట చేర్చి, పైకి పట్టి, రెండుసార్లు ఊపాడు. గల్ఫ్‌లో దిగిన ప్రతివాడూ మొదటివారంలోనే నేర్చుకునే సైగ ఇది. శ్వయ్య, కాస్త ఆగు, అని. మాల్ గుమ్మంలో, మజ్లిస్ అనే చుట్టాల గది తలుపు దగ్గర, కారు అద్దంలోంచి, ఈ సైగని నేను కొన్ని వేలసార్లు చూసి ఉంటాను. చూసిన ప్రతిసారీ ఏం చేశానో ఇప్పుడూ అదే చేశాను. ఆగాను.

ఇది రాస్తుంటే నామీద నాకే ఒళ్ళు మండుతోంది. అతన్ని అనడానికేం లేదు, నాకు ఇంకా తొంభై దాకా ఉందనే అతను అనుకున్నాడు, నేనే కదా నూట ఇరవై చూపించింది. ముల్లు కిందికి పోతుంటే కళ్ళారా చూస్తూ, మీటరు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఇంకొక్క ఫొటో, అయిపోతుందిలే, అనుకున్నాను. గాలి పీలిస్తే బరువుగా రాసాగింది, గడ్డకట్టిన పెరుగుని సన్నగొట్టంతో పీల్చినట్టు. తర్వాత సగం ఊపిరి వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు.

ఒక్క క్షణంలో నేను మళ్ళీ బావిలో ఉన్నాను. పెదాలు బిగించాను, ఊపిరి బిగబట్టాను, తల పైకెత్తాను. పైన వెలుగు కనపడుతోంది. నాలుగు తాపులు తంతే చేరిపోతాను. కాళ్ళు ముడిచాను కూడా. అప్పుడు మేడమ్ అరుపు చెవిలో పడింది, నిజంగానే పడినట్టు. పైకి పోలేదు. చిన్న సారు మీద పడ్డాను. కెమెరా చేతిలోంచి ఎగిరిపోయింది. అతని ఛాతీ మీద చెయ్యేసి, అక్కడ అత్యవసరం కోసం పెట్టుకునే పసుపు గొట్టం రెగ్యులేటర్ని లాగేసి, నోట్లో కుక్కుకున్నాను. సగం ఉప్పునీళ్ళు, సగం గాలి. దగ్గాను, పీల్చాను, వదిలాను. మాస్కులో అతని కళ్ళు ఎంత పెద్దవయ్యాయో నాకు ఇప్పటికీ కనిపిస్తాయి. అతను నా మీటరు అందుకుని చూశాడు. సిలిండరు తగిలించుకునే నా జాకెట్టు పట్టీ గట్టిగా పట్టుకున్నాడు. ఒకే సిలిండరు గాలి ఇద్దరం పీలుస్తూ మెల్లగా లేచాం.

పైన అలలు ముఖానికి కొడుతున్నాయి. తేలడానికి జాకెట్టులో గాలి నింపాలి, నా సిలిండరులో చుక్క లేదు. చిన్న సారు నా జాకెట్టు గొట్టం తన నోట్లో పెట్టుకుని ఊదాడు. బుగ్గలు ఉబ్బించి, అలల మధ్య ఉప్పునీళ్ళు ఉమ్ముకుంటూ, మళ్ళీ ఊదాడు. ఒడ్డుదాకా నా మోచెయ్యి వదల్లేదు. కెమెరా సంగతి ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు.

ఇసుకలో కూర్చున్నాక అరిచాడు. అతను అరవడం నేను వినడం అదే మొదలు.

"నూట ఇరవై చూపించావు! నాకు నూట ఇరవై చూపించావు!"

"తక్కువ చూపిస్తే మీరు వెనక్కి తిరగాలి కదా సార్."

"తిరిగితే?"

తిరిగితే ఏమవుతుంది? ఏమీ కాదు. వచ్చే శనివారం మళ్ళీ వస్తాం. తొమ్మిదేళ్ళలో ఆ ప్రశ్న నేను ఒక్కసారీ వేసుకోలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"పైకి పోదామన్నాను సార్. మీరు ఆగమన్నారు."

చిన్న సారు తన ఎడమచేతి వంక చూసుకున్నాడు. ఎప్పుడు చేశాడో అతనికే గుర్తులేదని నాకు అర్థమైంది. నా దగ్గర తాళాలు తీసుకుని బండి అతనే నడిపాడు. నేను పక్క సీట్లో కూర్చున్నాను. బెల్టు ఎటువైపు నుంచి లాగాలో తడుముకోవాల్సి వచ్చింది.

ఇంటికి పోలేదు, నేరుగా మేడమ్ దుకాణానికి తీసుకెళ్ళాడు. తను ఆగమన్న సంగతితో సహా జరిగిందంతా ఆవిడకి తనే చెప్పాడు. ఆవిడ తిట్టలేదు, దాంతో ఇంకా భయమేసింది. లోపలికెళ్ళి ఒక ఫైలు తెచ్చింది. క్లాసుల్లో చేరినరోజు నేను నింపిన కాగితం తీసి, బల్లమీద పెట్టి, ఒక గడి మీద వేలు పెట్టింది. ఏదైనా జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి అనే గడి.

"ఈ నంబరు ఎవరిది?"

నేను చూశాను. ఇక్కడికొచ్చాక ఏ కాగితం నింపినా, బ్యాంకులో గాని ఆసుపత్రిలో గాని, ఆ గడిలో కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఇంట్లోవాళ్ళ నంబరే రాస్తాం. అందరం అంతే. ఆలోచించే పనే ఉండదు, చెయ్యి రాసేస్తుంది.

"నాది" అన్నాడు చిన్న సారు.

"ఇతను నీళ్ళలో పోతే నీకు చేయాలి. నువ్వు అప్పుడు అదే నీళ్ళలో ఉంటావు" అంది మేడమ్. ఆ నంబరు కొట్టేసి పెన్ను నా చేతికిచ్చింది. "ఇంటి నంబరు రాయి."

కడపలో ఉన్న మా ఆవిడ నంబరు రాశాను. పక్కన సంబంధం అనే చోట భార్య అని రాశాను. చిన్న సారు ఫోన్ తీసి ఆ నంబరు ఎక్కించుకున్నాడు, పేరేమిటని అడిగాడు. తొమ్మిదేళ్ళలో మా ఆవిడ పేరు ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. నేను చెప్పాను. పలకడం రాక రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నాడు. రెండునెలలదాకా మీరిద్దరూ నీళ్ళలో అడుగుపెట్టొద్దు, ఆ తర్వాత మొదటి క్లాసు నుంచి మళ్ళీ రావాలి, ఇద్దరూ, అంది మేడమ్.

కొత్త నంబరు నుంచి ఎప్పుడైనా ఫోన్ రావచ్చని ఇంట్లో చెప్పాలి కదా. సాయంత్రం నా గదిలో కూర్చుని మా ఆవిడకి ఫోన్ చేశాను. దిండు గుర్తు దగ్గర్నుంచి అన్నీ చెప్పేశాను. ఎక్కడా తక్కువ చేయలేదు. ఆమె మధ్యలో అడ్డురాకుండా వింది, అలా వినడం ఆమె స్వభావం కాదు.

"ఏమప్పా, ఇన్నాళ్ళూ బాగుండానంటే నిజమే అనుకున్యా" అంది చివరికి.

"ఇప్పుడు బాగానే ఉండానులే. ఆ సారు నీ నంబరు రాసుకున్యాడు. ఎప్పుడన్నా అవసరమైతే ఆయప్ప చేస్తాడు."

"చేసి ఏ భాషలో చెప్తాడు నాకు?"

నేనుగాని, సారుగాని, మేడమ్‌గాని ఆ సంగతి ఆలోచించలేదు.

"ఆ నంబరు నుంచి ఫోనొస్తే నేను ఎత్తను. చెప్తాండా, ఇను. ఎత్తనంటే ఎత్తను" అంది. "నువ్వే చెయ్యాల."